మెట్టు విరిగి కోడలి మీద పడింది

కండక్టరమ్మ గొంతు సంగతి ఆ క్వార్టర్లలో తెలియనివాళ్ళు లేరు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి ఆవిడ "రైట్" అంటే తన డ్రైవరుకే కాదు, పక్కన ఆగిన బస్సు డ్రైవరుకి కూడా వినపడి ఆయనా బండి కదిలించేసేవాడట. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆ గొంతుకి పని లేకుండా పోయింది. మిగిలిన పని ఒక్కటే, కోడలు.

కోడలు ఇంట్లోనే మిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫారాలూ, చుట్టుపక్కలవాళ్ళ బట్టలూ కుట్టేది. మాట మెత్తన. కానీ సూది లాంటి మాట, తగలాల్సిన చోటే తగిలేది. అత్తగారు గుక్క తిప్పుకోకుండా దండకం చదివితే, కోడలు పళ్ళతో దారం కొరికి ఒక్క మాట అనేది. ఆ ఒక్క మాటకి అత్తగారికి మళ్ళీ బోలెడు మాటలు పుట్టుకొచ్చేవి.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పగలంతా పెద్ద పెద్ద భవనాల్లో జనం హాయిగా పైకీ కిందకీ తిరిగే ఏర్పాటు చూసి, సాయంత్రం ఇంటికొచ్చి మూడో అంతస్తు దాకా కాళ్ళీడ్చుకుంటూ మెట్లెక్కేవాడు. వాళ్ళ బ్లాకుకి లిఫ్టు లేదు. ఇంట్లో గొడవ మొదలైతే అతను చేసే పని ఒక్కటే. చెప్పులేసుకుని, "ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారట" అని వెళ్ళిపోవడం. ఆ ఊళ్ళో అంతమంది లిఫ్టుల్లో ఇరుక్కుంటారని ఆ ఇంటి పక్కవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

క్వార్టర్లు కట్టించింది హౌసింగ్ బోర్డు. కట్టినప్పుడు సిమెంటు ఎంత కలిపారో గాని ఇసుక విషయంలో మాత్రం పిసినారితనం చూపించలేదు. మెట్లు ఊడ్చిన ప్రతిసారీ చేటలోకి దుమ్ముతో పాటు కొంచెం మెట్టు కూడా వచ్చేది. మూడో అంతస్తు నుంచి దిగేటప్పుడు మలుపుకి ముందున్న మెట్టు అంచు ఊగేది. దాని పక్కన పట్టుకోవడానికి పెట్టిన ఇనుప కమ్మీ కూడా ఊగేది. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకే వైపుకి ఊగేవి.

కోడలు బోర్డు ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చింది. ఎవరూ రాకపోతే మళ్ళీ వెళ్ళింది. చివరికి బోర్డు నుంచి ఒకాయన వచ్చి, మెట్టుని బూటుతో తట్టి, కమ్మీని వేలితో కదిపి, చాలా విచారంగా తలాడించి వెళ్ళాడు. కొన్నాళ్ళకి పెయింటరు వచ్చి, గోడ మీద ఎర్ర రంగుతో "మెట్లు జాగ్రత్త" అని పెద్ద అక్షరాలతో రాసి, పక్కన ఒక బాణం గుర్తు కూడా గీసి వెళ్ళాడు. మరమ్మతు అంతే.

"మెట్టు బాగుచెయ్యమంటే గోడ బాగుచేశారు" అంది కండక్టరమ్మ.

"బాణం మాత్రం చక్కగా గీశాడు అత్తయ్యా" అంది కోడలు. అత్తాకోడళ్ళు ఒక్క మాట మీద ఉన్న అరుదైన సందర్భం అది.

కండక్టరమ్మ పడిన రోజున గొడవ గొడుగు గురించి. బయట మబ్బుగా ఉంది, పెన్షన్ ఆఫీసుకి వెళ్ళే అత్తగారిని కోడలు గొడుగు తీసుకెళ్ళమంది. వాన రాదంది కండక్టరమ్మ.

"ముప్పై ఏళ్ళు రోడ్డు మీద బతికినదాన్ని. ఏ మబ్బు కురుస్తుందో, ఏ మబ్బు కురవదో నాకు నువ్వు చెబుతావా?"

"ఆ ముప్పై ఏళ్ళూ బస్సులోనే కదా ఉన్నారు అత్తయ్యా. పైన కప్పుంది."

ఎదురింటి తలుపు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వినపడకపోతే ఈ కథ లేదు. కండక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. విసవిసా గుమ్మం దాటి మెట్లు దిగడం మొదలెట్టింది. కోడలు గొడుగు పట్టుకుని వెనకాలే వచ్చింది. మలుపు దగ్గర కండక్టరమ్మ వెనక్కి తిరిగి, రోజూ అనే మాటే అంది.

"ఏదో ఒక రోజు నన్ను చంపేస్తావే నువ్వు!"

మెట్టు అంచు పెళుక్కుమంది. కమ్మీ పట్టుకుంది ఆవిడ. కమ్మీ చాలా విధేయంగా గోడలోంచి ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ఆవిడ దొర్లుకుంటూ కింది మలుపు దాకా వెళ్ళింది. పడుతూ పడుతూ ఆవిడ వేసిన కేక అన్ని అంతస్తుల్లోనూ వినపడింది.

"చంపేశావే!"

ఎడమ చీలమండ విరిగింది, భుజం ఎముక బీటలు వారింది. చేతిలో కమ్మీ మాత్రం వదల్లేదు. ఎవరు చెప్పినా వదల్లేదు. అంబులెన్సు వాళ్ళు కమ్మీతో సహా స్ట్రెచర్ మీద ఎక్కించారు. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. కోడలు గొడుగు తెరిచి అత్తగారి మొహం మీద పట్టింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట కూడా అనలేదు. ఆ అనకపోవడం విరిగిన కాలుకన్నా ఎక్కువ సలిపిందని కండక్టరమ్మ తర్వాత చాలామందికి చెప్పుకుంది.

హాస్పిటల్లో డ్యూటీ డాక్టరు కమ్మీని చూసి కంగారుపడ్డాడు. "ఇదెక్కడ గుచ్చుకుంది?"

"గుచ్చుకోలేదండీ. సాక్ష్యం" అంది కోడలు, అత్తగారి వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ.

ఆ సాక్ష్యం అన్న మాట పక్క మంచం పేషెంటు కూతురి చెవిన పడింది. ఆవిడ లాయరు. తల్లి మోకాలి ఆపరేషన్ కోసం వచ్చి, ఏ పనీ తోచక వార్డులో వాళ్ళ కథలన్నీ వింటోంది. కండక్టరమ్మ కథ విన్నాక కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఇది మీ ఖర్మ కాదమ్మా. బోర్డు నిర్లక్ష్యం. నష్టపరిహారం కోసం దావా వెయ్యొచ్చు."

"గవర్నమెంటు మీదా?" కండక్టరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. పెన్షనిచ్చేది గవర్నమెంటే మరి.

"మీ ఇంటి ఓనరు మీద. ఓనరు గవర్నమెంటైనంత మాత్రాన మెట్టు విరిగితే కాలు విరగదా?"

విరిగిందని ఎదురుగా కట్టు కనపడుతూనే ఉంది. దావా వేశారు.

కండక్టరమ్మ కాలికి కట్టుతో ఇంటికొచ్చింది. కొన్నాళ్ళకి లాయరమ్మ ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కి వచ్చి, మంచినీళ్ళు తాగి, బోర్డు కోర్టులో ఇచ్చుకున్న జవాబు చదివి వినిపించింది. మెట్టు బాగానే ఉంది. ఒకవేళ బాగా లేకపోయినా గోడ మీద హెచ్చరిక రాయించాం. ఒకవేళ అదీ చాలదనుకున్నా, ఆవిడ పడింది మెట్టు వల్ల కాదు. కోడలు తోసేయడం వల్ల. 'చంపేశావే' అని ఆవిడే అరిచింది, బ్లాకంతా విన్నది.

మిషన్ చప్పుడు ఆగిపోయింది.

కొడుకు మెల్లిగా లేచి చెప్పులు వెతుక్కున్నాడు. "ఎవరో లిఫ్టులో..."

"మీరు కూర్చోండి" అంది లాయరమ్మ. కూర్చున్నాడు. "వినండి. వాళ్ళ సాక్షులు మీ పక్కింటివాళ్ళే. విచారణ అయ్యేదాకా ఈ ఇంట్లోంచి గొడవ వినపడకూడదు."

"వినపడకూడదా, ఉండకూడదా?" అడిగింది కోడలు.

"వినపడకూడదు. ఉండకుండా చెయ్యడం నా వల్ల కాదు."

ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో శాంతి మొదలైంది. అంత కష్టమైన రోజులు తన సర్వీసులోనే చూడలేదని కండక్టరమ్మ మాట. ముందు గుసగుసగా పోట్లాడుకుందామని చూశారు. కోడలికి వచ్చింది గాని కండక్టరమ్మకి గుసగుస చేతకాలేదు. ఆవిడ గుసగుస రెండో అంతస్తు దాకా వెళ్ళింది. దాంతో మర్యాదకి దిగారు.

"అత్తయ్యగారూ, దయచేసి తమ కాలు కొంచెం పక్కకి జరుపుతారా? ఊడవాలి."

"అయ్యో తప్పకుండా తల్లీ. నా వల్ల నీకెంత శ్రమో."

"శ్రమేముందండీ. అలవాటేగా."

"అలవాటు చేసింది నేనేగా తల్లీ."

ఆ మర్యాద వింటే కొడుక్కి అన్నం దిగేది కాదు. అరుచుకుంటుంటే కనీసం ఎవరు గెలుస్తున్నారో తెలిసేది. ఇప్పుడు నవ్వుతూ ఒకళ్ళకొకళ్ళు టీ అందించుకుంటుంటే ఏ కప్పులో ఏముందోనని చూసుకుంటూ కూర్చునేవాడు. ఎదురింటావిడైతే ఒకరోజు తలుపు కొట్టింది. "అందరూ బాగానే ఉన్నారా? కొన్ని రోజులుగా ఏమీ వినపడట్లేదు. మాకు భయం వేసింది."

అన్నీ నవ్వుకునే సంగతులే కావు. ఓ మధ్యాహ్నం కింది అంతస్తులో ఉండే ఒకావిడ వచ్చి, కుట్టడానికి ఇచ్చిన గౌను సగంలోనే వెనక్కి ఇమ్మంది. "తొందరేం లేదు, ఊరికే" అంటూనే కోడలి చేతిలోంచి లాక్కున్నట్టు తీసుకుంది. వెళ్తూ వెళ్తూ మంచం మీదున్న కండక్టరమ్మ వైపు జాలిగా చూసింది, పులి బోనులో మేకని చూసినట్టు. ఆవిడ వెళ్ళాక కోడలు మిషన్ ముందు కూర్చుంది గాని తొక్కలేదు.

"జనం నిజంగానే నేను తోశాననుకుంటున్నారా అత్తయ్యా?"

కండక్టరమ్మ నోరు తెరిచింది. ఎంతమందినో బస్సు దింపేసిన నోరు, ఎంతమంది తాగుబోతుల్ని నిలబెట్టి అడిగిన నోరు. దాంట్లోంచి ఏమీ రాలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

విచారణ రోజు వచ్చింది. కోర్టు హాలు చిన్నది. అదీ గవర్నమెంటు కట్టించిందే. పైకప్పు నుంచి ఓ మూల నీళ్ళు కారుతుంటే కింద బకెట్టు పెట్టారు. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో టప్ మని శబ్దం వచ్చేది. జడ్జిగారు దానికి అలవాటు పడిపోయి, టప్ మన్నాకే తరవాతి మాట మొదలెట్టేవారు.

బోర్డు లాయరు మెత్తటి మనిషి. ఎవరి మీద ఎంత పెద్ద అభాండం వేసినా ముందు కళ్ళజోడు తుడుచుకుని, చిరునవ్వు నవ్వి వేసేవాడు. ఆయన మొదట పిలిచిన సాక్షి, కింది అంతస్తులో ఉండే రిటైర్డ్ మాష్టారు. పిల్లలకి వ్యాకరణం చెప్పి చెప్పి ఆయనకి అదే లోకమైపోయింది.

"ఆ రోజు మీరేం విన్నారు?"

"'చంపేశావే' అని విన్నానండీ."

బోర్డు లాయరు తృప్తిగా కూర్చున్నాడు. లాయరమ్మ లేచింది.

"మాష్టారూ, అలాంటి కేకలు అంతకుముందు ఎప్పుడైనా విన్నారా?"

"రోజూ వింటామమ్మా. పొద్దున 'చంపేస్తావే'. సాయంత్రం పూట 'చంపేస్తున్నావే'. భవిష్యత్తూ, వర్తమానమూ మాకు అలవాటే. భూతకాలం మాత్రం ఆ రోజే మొదటిసారి. అందుకే పైకి పరుగెత్తాను."

హాల్లో నవ్వులు. జడ్జిగారు దగ్గినట్టు నటించారు.

"వెళ్ళి ఏం చూశారు?" అడిగింది లాయరమ్మ.

"ఆవిడ కింద పడి ఉంది, చేతిలో కమ్మీ. పైన ఆ మెట్టు సగం లేదు. ఈ అమ్మాయి విరిగిన చోట కాలు పెట్టడానికి వీల్లేక కూర్చుని, గోడకి ఒరుసుకుంటూ, మోచేతులు గీరుకుపోతున్నా జారుకుంటూ కిందకి వస్తోంది. తోసినవాళ్ళు అంత అవస్థపడి దిగుతారా అని నాకప్పుడు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది."

బోర్డు లాయరు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

తరవాత కండక్టరమ్మ వంతు. చంక కింద కర్రలు పెట్టుకుని బోనెక్కింది. నిజం తప్ప మరేమీ చెప్పనని ప్రమాణం చేసింది. లాయరమ్మ వారం ముందు నుంచే ఆవిడకి ఒక మాట వల్లె వేయించింది, నా కోడలు నాకు కూతురులాంటిది అని. ఆ ఒక్కటీ చెప్పి దిగిపోతే చాలంది.

బోర్డు లాయరు చిరునవ్వు నవ్వాడు. "అమ్మా, మీకూ మీ కోడలికీ పడదు. నిజమేనా?"

"నిజమే."

లాయరమ్మ కళ్ళు మూసుకుంది.

"రోజూ పోట్లాడుకుంటారు?"

"రోజుకోసారి. ఆదివారం తీరిక కాబట్టి రెండుసార్లు."

"మరి మీ దావాలో కూతురులాంటిదని రాశారే?"

"అది లాయరమ్మ రాసింది. కూతురులాంటిది కాదండీ. ప్రమాణం చేశాను కదా, ఎలా చెప్పను? కూతురైతే నేనన్న మాటలకి ఏడ్చేది. ఇది ఏడవదు. తిరిగి అంటుంది."

టప్ మంది బకెట్టు.

"కాబట్టి ఆవిడే మిమ్మల్ని తోసింది" అన్నాడు బోర్డు లాయరు, ఇంకా మెత్తగా.

"ఎవరు? ఆ అమ్మాయా? తొయ్యడమా?"

ముప్పై ఏళ్ళ సర్వీసు ఒక్కసారిగా బయటికొచ్చింది. జడ్జిగారి చేతిలో పెన్ను జారిపోయింది. బయట వరండాలో కునుకు తీస్తున్న బంట్రోతు, తననే పిలిచారనుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"ఆ మెట్టు ఊగుతోందని మీ బోర్డుకి చెప్పిందే ఆ అమ్మాయి. రోజూ నేను కిందకి దిగుతుంటే వెనకాలే వస్తుంది. మర్యాదకి కాదు, వాదించడానికే. మాటకి మాట అంటూనే వస్తుంది. ఆ మెట్టు దగ్గరకి రాగానే నోరు మూసి నా చెయ్యి పట్టుకుంటుంది. నేనూ నోరు మూస్తాను. ఇద్దరం మెట్టు దాటతాం. దాటాక చెయ్యి వదిలేసి, ఎక్కడ ఆపామో అక్కడి నుంచి మళ్ళీ మొదలెడతాం. ఒక్క రోజు తప్పింది లేదు."

కోడలు తలొంచుకుని తన వేళ్ళు చూసుకుంటోంది.

"మరి ఆ రోజు ఎందుకు పట్టుకోలేదు?" అన్నాడు బోర్డు లాయరు.

కండక్టరమ్మ ఆగింది. లాయరమ్మ వైపు చూసింది. చెప్పొద్దన్నట్టు లాయరమ్మ కళ్ళతోనే బతిమాలింది.

"ఆ రోజు కూడా చెయ్యి చాపింది" అంది కండక్టరమ్మ. ఈసారి గొంతు బోను దాటి వెళ్ళలేదు. "నేనే విదిలించుకున్నాను. గొడుగు సంగతిలో ఓడిపోయాను లెండి. అదిగో, ఆ ఉక్రోషం."

లాయరమ్మ తల పట్టుకుంది. బోర్డు లాయరు మొహం వెలిగిపోయింది. "చూశారా అండీ! ఆవిడ స్వయంకృతం. కోడలి చెయ్యి పట్టుకుని ఉంటే అసలు పడేదే కాదు!"

జడ్జిగారు పెన్ను వెతికి తీసుకుని, టప్ మనేదాకా ఆగి, ఆయన వైపు చూశారు.

"ఇందాకటిదాకా కోడలు తోసిందన్నారు. ఇప్పుడు కోడలు పట్టుకుంటే పడేది కాదంటున్నారు. ఏదో ఒకటి ఖాయం చేసుకోండి."

"రెండోదేనండీ."

"అంటే మీ బోర్డు కట్టిన మెట్లు దిగాలంటే అద్దెకున్నవాళ్ళకి తలా ఒక కోడలు ఉండాలన్నమాట. కొడుకులు లేనివాళ్ళ సంగతేంటి?"

బోర్డు లాయరు కళ్ళజోడు తుడిచాడు. అప్పటికే అది తళతళలాడుతోంది. "గోడ మీద హెచ్చరిక రాయించామండీ. 'మెట్లు జాగ్రత్త' అని."

"చదివారనుకోండి. చదివాక ఏం చెయ్యాలి? మూడో అంతస్తు నుంచి దిగడానికి ఇంకో దారుందా?"

"లేదండీ."

"కిటికీ ఉంది" అని బోనులోంచి గొణిగింది కండక్టరమ్మ. ఆవిడ గొణుగుడు కాబట్టి అందరికీ వినపడింది.

ఆ రోజు బయటికొచ్చాక కోర్టు ఆవరణలో బెంచీ మీద ఇద్దరూ టీ తాగుతూ కూర్చున్నారు. కొడుకు ఆటో కోసం వెళ్ళాడు, ఈసారి నిజంగానే. కోడలు మొదలెట్టింది.

"కూతురులాంటిది కాదన్నారు, అందరి ముందూ."

"కాదుగా."

"కాదులెండి" అని కోడలు టీ ఊదుకుంది. "కానీ చెయ్యి విదిలించిన సంగతి ఎందుకు చెప్పారు? అడిగినదానికి 'గుర్తులేదు' అంటే సరిపోయేది. మన కేసే కదా పోయేది."

కండక్టరమ్మ కప్పులోకి చూస్తూ అంది. "ఆ కిందావిడ సగం కుట్టిన గౌను పట్టుకుపోయింది చూడు. అప్పుడు నేను నిద్రపోలేదే."

కోడలు అత్తగారి కప్పులో తన టీ కొంచెం వంపింది.

తీర్పు రావడానికి ఇంకా కొన్ని వాయిదాలు పట్టాయి. బోర్డుదే తప్పన్నారు. వైద్యం ఖర్చులూ, నష్టపరిహారమూ ఇవ్వాలన్నారు. క్వార్టర్లలో ఉన్న మెట్లన్నీ, కమ్మీలన్నీ బాగుచెయ్యాలన్నారు. ఆధారం లేకుండా కోడలి మీద నింద వేసినందుకు బోర్డుని గట్టిగానే మందలించారు. అయితే అందిన చేతిని విదిలించుకున్నందుకు పరిహారంలో కాస్త తగ్గించారు.

గెలిచామని లాయరమ్మ మిఠాయి పట్టుకొచ్చింది. కండక్టరమ్మ ముట్టుకోలేదు.

"నా కోపానికి కోత పెడతారా? పై కోర్టుకి వెళ్దాం!"

"అమ్మా, మనం గెలిచాం."

"గెలిస్తే ఎందుకు తగ్గించారు? ఒక మనిషికి కోపం వచ్చే హక్కు లేదా?"

"ఉంది. కానీ మెట్ల మీద కాదన్నారు" అంది కోడలు. ఆ ఇంట్లో చాలాకాలానికి పెద్ద గొంతులు లేచాయి. ఎదురింటావిడ తలుపు తీసి విని, హమ్మయ్య అనుకుని తలుపేసుకుంది. కొడుకు చెప్పులేసుకున్నాడు.

మేస్త్రీలొచ్చి పాత మెట్లు పగలగొడుతున్న రోజుల్లో పక్క బ్లాకు నుంచి మొగుడూ పెళ్ళాం ఇద్దరొచ్చారు. మొగుడి తలకి కట్టుంది. వంటింటి పైకప్పు పెచ్చు ఊడి నెత్తి మీద పడిందట. ఎప్పటి నుంచో నెర్రెలు ఇచ్చి ఉందట, బోర్డుకి చెబితే పట్టించుకోలేదట. కేసు ఎలా వెయ్యాలో కనుక్కుందామని వచ్చారు.

కండక్టరమ్మ వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టింది. కోడలు మిషన్ ఆపి ఇటు తిరిగింది.

"ముందు ఇది చెప్పండి" అంది కండక్టరమ్మ. "మీ ఇద్దరికీ పడుతుందా?"

మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"పెచ్చు పడినప్పుడు ఈవిడ చేతిలో గరిటె ఉంది" అన్నాడు మొగుడు, నసుగుతూ.

"కూర కలుపుతున్నాను!" అంది పెళ్ళాం.

"గాల్లోనా?"

అత్తాకోడళ్ళు ఒకేసారి నిట్టూర్చారు. కోడలు లేచి లాయరమ్మకి ఫోన్ కలిపింది. ఈ కేసు కొంచెం కష్టమనీ, గరిటె గురించి ముందే మాట్లాడుకోవాలనీ చెప్పింది. లాయరమ్మ మర్నాడు రమ్మంది. ఆ కేసు ఇంకా నడుస్తోంది.